గ్రహణానికీ లెక్క ఉంది!

గ్రహణమంటే మన ఇళ్లలో పొయ్యి ఆర్పేస్తారు, కడుపుతో ఉన్న అక్కను కదలనియ్యరు. మనం మాత్రం నోటుబుక్కు తీసి లెక్క చేద్దాం.

పౌర్ణమి నుంచి పౌర్ణమికి సగటున 29.5306 రోజులు. దాన్ని 223తో హెచ్చిస్తే 6,585 రోజుల 8 గంటలు, అంటే సుమారు 18 ఏళ్ల 11 రోజులు. అప్పటికి సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు పాత వరుసకే వస్తారు. బాబిలోనియన్లు ఎప్పుడో పట్టుకున్న ఈ చక్రం పేరు సారోస్.

2008 ఆగస్టు 17న రాత్రి 1 దాటాక తాడిమర్రి మీద చంద్రుడికి భూమి నీడ తగిలింది. బింబం మొత్తం మునగలేదు, అందుకే పాక్షిక గ్రహణం. చక్రం తిరిగితే 2026 ఆగస్టు 28. అయితే ఆ 8 గంటల్లో భూమి మూడో వంతు అదనంగా తిరుగుతుంది. గ్రహణవేళ మనకు ఉదయం, చంద్రుడు అస్తమించాక! కనిపించని గ్రహణానికి పస్తులెందుకు? మూడు చక్రాలకు, 2062 సెప్టెంబరులో, మళ్లీ మన రాత్రిపూటే, అప్పుడది సంపూర్ణం.