నేనెవరు? రమణుల ఆత్మవిచారణ

మతం మార్చుకోమని గానీ, దీక్ష పుచ్చుకోమని గానీ అడగని సాధన రమణ మహర్షి బోధించిన ఆత్మవిచారణ. 1896లో మదురైలో, 16 ఏళ్ల వయసులో, ఆయనను హఠాత్తుగా మరణభయం ఆవరించింది. దేహం పోతే పోయేదెవరని లోపలే వెతికారు, భయం వదిలింది. కొద్ది వారాలకే అరుణాచలం చేరి, 1950లో దేహం చాలించేదాకా అక్కడే ఉన్నారు. రమణ మహర్షి అన్న పేరు పెట్టింది ఆంధ్రుడైన కావ్యకంఠ గణపతిముని.

సాధన చెప్పడానికి సులువే, నిలబడడమే కష్టం. ఆలోచన పుట్టగానే దాని వెంట పోకుండా, అది ఎవరికి కలిగిందని ప్రశ్నించుకోవాలి. ‘నాకు’ అని తోస్తుంది. ఆ ‘నేను’ ఎక్కణ్ణుంచి లేస్తోందో గమనించాలి. ఇది జపంలా వల్లించే మాట కాదు. చూపును లోపలికి తిప్పడం. హిందువు, క్రైస్తవుడు, ముస్లిం అన్న గుర్తింపులన్నీ ఆ ‘నేను’కు తర్వాత అతుక్కున్నవే. అందుకే అరుణాచలంలోని ఆయన ఆశ్రమానికి వచ్చిన ఏ మతస్థుడినీ తన ఆరాధన మానుకోమని మహర్షి చెప్పలేదు.