కంప్యూటరు ఏ డిస్కునుండి మేల్కొనును?

రామతీర్థము అను పేరుగల గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో ఒకటికంటె ఎక్కువ కలవు. శ్రీరాముని కోవెలకును, కొండలమీది బౌద్ధ శిథిలములకును పేరుపొందిన రామతీర్థము విజయనగరము జిల్లా నెల్లిమర్ల మండలములో ఉన్నది. నెల్లూరు జిల్లా విడవలూరు మండలములో సముద్రతీరమున మరియొక రామతీర్థమున్నది. ప్రకాశము జిల్లాలో చీమకుర్తి సమీపమున ఇంకొకటి కలదు. కవరుపై "రామతీర్థము" అని మాత్రమే వ్రాసి తపాలాపెట్టెలో వేసినచో ఆ ఉత్తరము ఏ ఊరు చేరును? ఇట్టి చిక్కులు తీర్చుటకే 1972 ఆగస్టు 15న మన దేశములో పిన్‌కోడు అమలులోనికి వచ్చినది. విజయనగరము ప్రాంతపు సంఖ్యలు 535తోను, నెల్లూరు ప్రాంతపు సంఖ్యలు 524తోను ఆరంభమగును. ఊరి పేరు ఒకటే అయినను ఉత్తరము దారి తప్పదు.

కంప్యూటరుకును ఇట్టి చిక్కే కలుగుచుండును. ఒక యంత్రములో రెండు డిస్కులున్నప్పుడు, లేదా ఎవరో ఒక పెన్‌డ్రైవును దానికి తగిలించి మరచినప్పుడు, అది మనము కోరిన డిస్కును విడిచి మరియొకదానివద్దకు పోవును. తెరపై "ఆపరేటింగ్ సిస్టము కనబడలేదు" అను అర్థమిచ్చు ఆంగ్లవాక్యము ప్రత్యక్షమగును. "డిస్కు పాడైనది, అంతయు చెరిపి మరల ఎక్కించవలెను" అని తొందరపడువారు కలరు. పదవ తరగతి విద్యార్థుల మార్కులో, సంవత్సరమంతయు శ్రమించి తయారుచేసిన పాఠములో ఆ డిస్కులో ఉన్నచో, ఆ తొందరకు మూల్యము పెద్దది. నిజమునకు అనేక సందర్భములలో డిస్కు నిక్షేపముగా ఉండును. తప్పినది చిరునామా మాత్రమే.

మేల్కొలుపు ఎట్లు జరుగును?

స్విచ్చి వేసిన క్షణమున కంప్యూటరు యొక్క పని చేయు జ్ఞాపకము, అనగా ర్యామ్, శూన్యము. విండోసు, లినక్సు వంటి ఆపరేటింగ్ సిస్టము డిస్కులో నిద్రించుచుండును. డిస్కును చదువుటకు ఒక ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామేమో డిస్కులోనే ఉన్నది! తాళపుచెవి ఇంటిలోపలనే ఉండగా తలుపు తాళము పడినట్టిదే ఈ స్థితి. తన బూట్ల పట్టీలు తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట వంటిదని పాశ్చాత్యులు దీనిని హాస్యముగా వర్ణించిరి. "బూట్" అను మాట అందుండి పుట్టినదే.

ఈ ముడిని విప్పునది మదరుబోర్డుపై నున్న ఒక చిన్న చిప్పు. కరెంటు పోయినను చెరగని ఒక ప్రోగ్రాము అందు నిక్షిప్తమై యుండును. పూర్వపు యంత్రములలో దీనిని బయాస్ అనిరి. అది ముందుగా యంత్రపు అవయవములను పరీక్షించి, పిమ్మట తనవద్ద నున్న జాబితాను తీయును. మొదట ఏ సాధనమును చూడవలెను, అది లేనిచో దేనిని చూడవలెను అను వరుసయే ఆ జాబితా.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు మొదట ఫ్లాపీని చూచెడిది. ఫ్లాపీ లేనిచో చిప్పులోనే ఉన్న బేసిక్ భాషను తెరచెడిది. 1983లో 10 మెగాబైట్ల హార్డుడిస్కుతో ఎక్స్.టి. అను నమూనా వచ్చినప్పుడు, ముందు ఫ్లాపీ, తరువాత హార్డుడిస్కు అను క్రమము ఏర్పడెను.

బయాస్ చేయు పరిశీలన మిక్కిలి స్వల్పము. అది డిస్కులోని మొదటి 512 బైట్లను చదువును. వానిలో చివరి రెండు బైట్లు పదునారు ఆధారముగా గల సంఖ్యామానములో 55, ఎ.ఎ. అయినచో, ఇది మేల్కొలుపు డిస్కేయని నమ్మి, ఆ చిన్న ప్రోగ్రామునకు పెత్తనమంతయు అప్పగించును. ఇది యజమాని కోరిన డిస్కా, కాదా అని అడుగదు. ముద్ర ఉన్నదా అని చూచునే కాని, ఉత్తరము ఎవరిదని విచారింపదు.

ఇప్పటి యంత్రములలో బయాస్ స్థానమును యు.ఇ.ఎఫ్.ఐ. అను వ్యవస్థ ఆక్రమించినది. ఇందు ఏ డిస్కులో, ఏ భాగములో, ఏ ఫైలునుండి మేల్కొనవలెనో మదరుబోర్డులో వ్రాసి యుండును. ప్రతి భాగమునకు 128 బిట్ల గుర్తుసంఖ్య యొకటి ఉండును. దీనిని డిస్కుయొక్క పిన్‌కోడు అనుకొనవచ్చును. అయినను వరుసలో ఏది ముందున్నదో దానికే ఇందును మొదటి అవకాశము.

తప్పుదారి వలని హాని

1986లో పాకిస్తానులోని లాహోరునందు ఇరువురు సోదరులు వ్రాసిన "బ్రెయిన్" అను వైరసు ఫ్లాపీల మొదటి భాగములో దాగియుండెడిది. ఫ్లాపీని తీయుట మరచి స్విచ్చి వేసినచో చాలును. యంత్రము దానినే ముందుగా చదివి, వైరసును తనంతట తానే లోనికి తెచ్చుకొనెడిది. తెరపై "ఇది సిస్టము డిస్కు కాదు" అను హెచ్చరిక వచ్చుసరికే పని జరిగిపోయి యుండెడిది. హార్డుడిస్కును పాడుచేయు "మైకెలాంజిలో" వైరసు 1992 మార్చి 6న ప్రపంచమును కలవరపరచినదియు ఈ మార్గముననే.

నేడు ఫ్లాపీలు లేవు. చిక్కు రూపు మార్చుకొన్నది. పాత హార్డుడిస్కు నెమ్మదిగా ఉన్నదని, వేగముగల ఎస్.ఎస్.డి.ని కొని, పాతదానికి యథాతథముగా నకలు తీసి, రెండింటిని యంత్రములోనే ఉంచుదురు. ఇప్పుడు రెండు డిస్కులును మేల్కొలుపగలవు. రెండింటి తెరలును ఒక్కటే. సోమవారము యంత్రము కొత్తదానినుండి మేల్కొన్నది. ఉపాధ్యాయుడు మార్కులు నమోదు చేసెను. మంగళవారము పాతదానినుండి మేల్కొన్నది; మార్కులు మాయము! అవి పోలేదు, ప్రక్క డిస్కులో భద్రముగా ఉన్నవి. ఈ సంగతి తెలియక మరల నమోదు చేసినచో, రెండు డిస్కులలో రెండు రకముల లెక్కలు తయారగును. పైగా యథాతథపు నకలులో గుర్తుసంఖ్యలు కూడ ఒక్కటే అగుటచే, ఏది అసలో, ఏది నకలో యంత్రమునకును భ్రాంతి కలుగవచ్చును.

సరిచేయు క్రమము

మొదట పెన్‌డ్రైవులు, సీడీలు, బయట తగిలించిన డిస్కులు అన్నిటిని తీసివేసి, యంత్రమును మరల ఆరంభింపవలెను. పెక్కు సందర్భములలో దీనితోనే చిక్కు తీరును.

రెండవది పరీక్ష. స్విచ్చి వేసిన వెంటనే తయారీదారు నిర్ణయించిన మీటను పలుమారు నొక్కవలెను. అది యంత్రమును బట్టి ఎఫ్ 12, ఎఫ్ 9, ఎస్కేప్ మొదలగువానిలో ఒకటి కావచ్చును. అప్పుడు వచ్చు పట్టికనుండి కోరిన డిస్కును ఎన్నుకొనవలెను. ఈ ఎన్నిక ఆ ఒక్కసారికే చెల్లును, దేనిని మార్చదు. యంత్రము చక్కగా మేల్కొన్నచో డిస్కు బాగున్నదని, దోషము వరుసలోనే ఉన్నదని రుజువైనట్లే.

మూడవది సవరణ. ఎఫ్ 2 లేదా డిలీట్ మీటతో సెటప్పు తెరలోనికి పోయి, "బూట్" అను శీర్షికక్రింద కోరిన డిస్కును మొదటికి తెచ్చి, భద్రపరచి వెలుపలికి రావలెను. మీట నొక్కుటకు వ్యవధి చాలనంత త్వరగా విండోసు తెరచుకొన్నచో, షిఫ్టు మీటను పట్టి రీస్టార్టు ఎన్నుకొనిన ఆ మార్గము దొరకును. డిస్కుపై బిట్‌లాకర్ అను రహస్యలిపి రక్షణ ఉన్నచో, సవరణకు ముందే దాని రికవరీ సంఖ్యను దగ్గర ఉంచుకొనవలెను. లేనిచో యంత్రము దానిని అడిగినప్పుడు తలుపు బయట నిలువవలసి వచ్చును.

నాలుగవది. సరిచేసిన వరుస మరల మరల చెడిపోవుచు, గడియారము కూడ పాత తేదీ చూపుచున్నచో, మదరుబోర్డుపై నున్న నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీ తీరిపోయినదని గ్రహింపవలెను. చాల యంత్రములలో దాని పేరు సి.ఆర్. 2032. కరెంటు తీగను పూర్తిగా ఊడదీసిన పిమ్మటనే దానిని మార్చవలెను.

ఐదవది. కోరిన డిస్కు జాబితాలోనే కనబడనిచో అది వరుస దోషము కాదు. తీగ వదులైనదేమో చూడవలెను. డిస్కే చెడినదేమో నిపుణునిచే పరీక్షింపజేయవలెను. డిస్కు కనబడుచున్నను మేల్కొననిచో, సెటప్పులో పాత బయాస్ పద్ధతి, కొత్త యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతి తారుమారైనవేమో చూడవలెను. ఒక పద్ధతిలో ఎక్కించిన ఆపరేటింగ్ సిస్టము సాధారణముగా రెండవ పద్ధతిలో మేల్కొనదు.

నకలు తీసినవారు పాటింపవలసిన నియమమొకటి కలదు. పాత డిస్కును ఊడదీసి, కొత్తదానితో మాత్రమే యంత్రమును మొదటిసారి నడిపి చూడవలెను. అంతయు సరిగా ఉన్నదని తేలినను, పాతదానిని కొన్ని వారములు విడిగా భద్రపరచి, ముఖ్యమైన ఫైళ్లకు మూడవచోట మరియొక ప్రతి ఉన్నదని చూచుకొనిన పిమ్మటనే చెరుపవలెను.

విద్యార్థులకు ఒక అభ్యాసము

ఉపాధ్యాయుని సమక్షమున పాఠశాల కంప్యూటరు యొక్క సెటప్పు తెరను తెరచి, అందలి మేల్కొలుపు వరుసను, డిస్కుల పేర్లను, వాని పరిమాణములను ఒక కాగితముపై వ్రాయుడు. ఏమియు మార్చక వెలుపలికి రండు. ఆ కాగితమును యంత్రము ప్రక్కన అంటించుడు. యంత్రము మొరాయించిన నాడు దానిని తెరతో పోల్చి చూచినచో, ఏది మారినదో అరనిమిషములో తెలియును.