పనికి తగిన బిజినెస్ ల్యాప్‌టాప్ ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒకేలా కనిపించే ల్యాప్‌టాప్ శ్రేణుల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• నిరంతర భారం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• మీ పనికి కావలసిన ర్యామ్‌ను లెక్కకట్టగలుగుతారు.

1. పరిచయం

మీరు ల్యాప్‌టాప్ కొనడానికి దుకాణానికి వెళ్లారనుకోండి. రెండూ నల్లటి థింక్‌ప్యాడ్‌లే, రెండింటికీ 14 అంగుళాల తెరే. ఒకదాని పేరు టి14, మరొకదాని పేరు పి14ఎస్. ధరలో మాత్రం తేడా ఉంది. ఆ తేడా వల్ల మీ పనికి ప్రయోజనం ఉందా? పేరు చూసి దీనికి జవాబు చెప్పలేం. మీ పని స్వభావం తెలిస్తేనే చెప్పగలం.

2. శ్రేణుల పేర్లు

థింక్‌ప్యాడ్‌ను ఐబీఎం 1992లో ప్రవేశపెట్టింది. 2005లో ఐబీఎం పీసీ వ్యాపారంతోపాటు అది లెనోవో చేతికి వచ్చింది. ఇందులో టి శ్రేణి కార్యాలయ పనులకు ఉద్దేశించినది. 2015లో మొదలైన పి శ్రేణి వర్క్‌స్టేషన్ తరగతికి చెందినది. డెల్‌లో లాటిట్యూడ్, ప్రెసిషన్ శ్రేణుల మధ్య, హెచ్‌పీలో ఎలైట్‌బుక్, జెడ్‌బుక్ శ్రేణుల మధ్య ఇటువంటి విభజనే ఉంది. 2025లో డెల్ తన పేర్లను డెల్ ప్రో, డెల్ ప్రో మ్యాక్స్ అని మార్చింది.

అయితే పి అనే అక్షరం ఉన్నంత మాత్రాన యంత్రం భారీ పనికి తట్టుకుంటుందని భావించకూడదు. పి14ఎస్ నిర్మాణం దాదాపు టి14ను పోలి ఉంటుంది. కాబట్టి వేడిని బయటికి పంపే సామర్థ్యంలోనూ పెద్ద తేడాను ఆశించలేం. బరువైన పి16 మాత్రం పూర్తిగా వేరే తరహా యంత్రం.

3. నిరంతర భారం

ప్రాసెసర్ పని మొదలైన కొద్దిసేపు ఎక్కువ విద్యుత్తు తీసుకుని వేగంగా పనిచేస్తుంది. తరువాత వేడిని అదుపులో ఉంచడానికి వేగం తగ్గించుకుంటుంది. 2022 నాటి ఇంటెల్ 12వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల మూల విద్యుత్ పరిమితులు ఇలా ఉన్నాయి:

యు రకం: 15 వాట్లు
పి రకం: 28 వాట్లు
హెచ్ రకం: 45 వాట్లు
హెచ్‌ఎక్స్ రకం: 55 వాట్లు

ఇక్కడి పి ప్రాసెసర్ రకాన్ని తెలిపే అక్షరం. థింక్‌ప్యాడ్ పి శ్రేణితో దీనికి సంబంధం లేదు.

ఎక్సెల్‌లో ఒక లెక్క 10 సెకన్లలో పూర్తయితే యు రకం సరిపోతుంది. భవన నమూనా రెండరింగ్ గంటసేపు సాగితే పెద్ద ఫ్యాన్లు, ఎక్కువ వాట్లు అవసరం. అందువల్ల రెండు నిమిషాల పరీక్ష ఫలితాన్ని నమ్మకండి. వీలైతే మీ పనినే అరగంటపాటు నడిపించి, మొదటి ఐదు నిమిషాల వేగాన్ని చివరి ఐదు నిమిషాల వేగంతో పోల్చండి.

4. ర్యామ్

కొన్న తరువాత సరిదిద్దుకోలేని పొరపాటు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. టి14ఎస్ వంటి సన్నని యంత్రాలలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికిస్తారు. దానిని తరువాత పెంచుకోలేరు. కొనే ముందే లెక్క వేసుకోండి.

ఉదాహరణ: విండోస్, బ్రౌజర్‌లకు 8 జీబీ, రెండు వర్చువల్ మెషిన్లకు ఒక్కొక్కదానికి 8 జీబీ చొప్పున 16 జీబీ. మొత్తం 24 జీబీ. కాబట్టి 16 జీబీ చాలదు, 32 జీబీ తీసుకోవాలి.

5. గ్రాఫిక్స్, ధ్రువీకరణ

వర్క్‌స్టేషన్ శ్రేణులను సాలిడ్‌వర్క్స్ వంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లతో పరీక్షించి, అవి సక్రమంగా పనిచేస్తాయని ధ్రువీకరిస్తారు. మీరు అటువంటి సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తే ఈ ధ్రువీకరణకు విలువ ఉంది. అకౌంటింగ్, ప్రోగ్రామింగ్ పనులకు దీనికోసం అదనంగా చెల్లించనవసరం లేదు. ఆ సొమ్మును ర్యామ్‌పై వెచ్చించడం మేలు.

6. సారాంశం

ముందుగా మీ పనిలో అత్యంత భారమైనది ఏదో, అది ఎంతసేపు సాగుతుందో రాసుకోండి. తరువాత వరుసగా ప్రాసెసర్ రకం, ర్యామ్, గ్రాఫిక్స్, బరువు పరిశీలించండి. శ్రేణి పేరును చివర చూడండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పి14ఎస్, పి16 రెండూ ఒకే శ్రేణివి. అయినా గంటసేపు సాగే రెండరింగ్‌కు రెండూ సమానం కావు. ఎందుకు?
2. మీరు రోజూ ఒకేసారి తెరిచే ప్రోగ్రాములకు కావలసిన ర్యామ్‌ను లెక్కకట్టండి.