తక్కువ ఖర్చుతో తొలి ఎలక్ట్రిక్ గిటారు

ఎలక్ట్రిక్ గిటారును ఆంప్లిఫయరుకు తగిలించకుండా ఒకసారి మీటి చూడండి. పక్క గదిలోని మనిషికి కూడా వినిపించదు. వీణకు కుండ ఉన్నది, మామూలు గిటారుకు బోలు పెట్టె ఉన్నది. తీగ కంపించినప్పుడు ఆ పలుచని చెక్క కూడా కంపించి, చుట్టూ ఉన్న గాలిని బాగా కదిలించి, ధ్వనిని పెద్దది చేస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు శరీరం సుమారు 45 మిల్లీమీటర్ల మందం గల గట్టి చెక్కదిమ్మ. అది ధ్వనిని పెంచదు. పెంచటానికి ఉద్దేశించిందీ కాదు. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే, దుకాణంలో దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టనక్కర లేదో సగం తెలిసిపోయినట్లే.

కొత్తగా నేర్చుకునే కుర్రవాడు ఇంట్లో బతిమాలి కొద్ది డబ్బు సంపాదిస్తాడు. రంగు చూసి గిటారు కొంటాడు. రెండు నెలలకు వేళ్ళు పుండ్లు పడతాయి. ఎంత సవరించినా శ్రుతి నిలవదు. తనకు సంగీతపు చెవి లేదనుకుని వాద్యాన్ని అటక మీద పెడతాడు. నిజానికి ఇటువంటి సందర్భాలలో చాలాసార్లు లోపం చెవిది కాదు, వాద్యానిది. ఆ లోపాలలో కొన్ని స్క్రూ తిప్పితే పోతాయి, కొన్ని ఏం చేసినా పోవు. ఈ రెంటికీ గల తేడా తెలియటమే తక్కువ డబ్బుతో కొనేవారికి ముఖ్యం.

ముందుగా ఈ వాద్యం పలికే తీరు చూద్దాం. తీగల కింద ‘పికప్’ అనే చిన్న భాగం ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుక వంటి సన్నని రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు ఉంటవి. అయస్కాంతం పైనున్న ఉక్కుతీగను కూడా కొంత అయస్కాంతంగా మారుస్తుంది. ఆ తీగ కంపిస్తే చుట్టలోని అయస్కాంత క్షేత్రం అదే వేగంతో హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. క్షేత్రం మారినప్పుడు చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. సెకనుకు 110 సార్లు కంపించే తీగ 110 సార్లు ఊగే విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ స్వల్ప విద్యుత్తును ఆంప్లిఫయరు పెద్దది చేసి లౌడ్‌స్పీకరుకు అందిస్తుంది. నైలాన్ తీగలు కడితే ఈ పికప్ మూగదవుతుంది, ఎందుకంటే నైలాన్‌ను అయస్కాంతం పట్టించుకోదు.

ఈ పద్ధతిలో విజయవంతమైన మొదటి గిటారును 1931లో లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ బోషాంప్ మొదలైనవారు తయారుచేశారు. దాని ఆకారం చూసి జనం ‘పెనం’ అని పేరుపెట్టారు. అమ్మకానికి తయారైనవి పోత పోసిన అల్యూమినియంతో చేసినవి, చెక్కవే కావు! 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే వాద్యకారుడు నాలుగంగుళాల దేవదారు దూలానికి తీగలు బిగించి వాయించాడు. చూడటానికి గిటారులా ఉండాలని మాత్రమే దాని రెండు పక్కలా పాత గిటారు ముక్కలు అతికించాడు. కాబట్టి దుకాణదారు ఫలానా దేశపు ఫలానా చెక్క అని వర్ణిస్తే విని ఊరుకోండి. చవక గిటారులో చెక్క పేరుకు అదనంగా ఒక్క రూపాయి ఇవ్వటం కూడా దండగే అని నా అభిప్రాయం.

దిమ్మ గట్టిగా ఉండటం వల్ల ఒక లాభం ఉన్నది. తీగలోని శక్తి గాలిలోకి త్వరగా పోదు గనుక స్వరం చాలాసేపు నిలుస్తుంది. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఈ లాభాన్ని ఎంత చక్కగా వాడుకున్నాడో సంగీతప్రియులకు తెలుసు. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు. స్వరం మీటగానే ఆరిపోతుంది, గమకానికి వ్యవధి చాలదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు మాని ఒంటి తీగలు ఐదు కట్టి, కర్ణాటక సంగీతాన్ని దానిమీద పలికించాడు.

ఇక మెట్ల సంగతి. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తే, ఒక్కొక్క మెట్టుకు తీగ పొడవు 1.0595వ వంతుకు తగ్గుతూ రావాలి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ నమూనాను అనుసరించే గిటార్లలో, అంటే నేడు చవకగా దొరికే వాటిలో అధిక భాగంలో, తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు 36.4 మిల్లీమీటర్ల దూరాన, పన్నెండవది సరిగ్గా సగంలో, 324 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. పూర్వం ఐరోపా వడ్రంగులు ఈ భిన్నాలతో బాధపడకుండా మిగిలిన పొడవులో పద్ధెనిమిదో వంతు చొప్పున కొలిచి మెట్లు పెట్టేవారు. గెలీలియో తండ్రి, సంగీత శాస్త్రజ్ఞుడైన విన్సెంజో గెలీలీ ఈ లెక్కనే చెప్పాడు. అలా చేస్తే మన గిటారులో పన్నెండవ మెట్టు 321.6 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. రెండుంబావు మిల్లీమీటర్లకు పైగా తేడా! అయితే ఆ లెక్క అప్పట్లో నెగ్గుకు రావటానికి కారణం ఉన్నది. తీగను మెట్టుకు అదిమినప్పుడు అది కొంచెం సాగి, స్వరం కొంచెం పైకి పోతుంది. ఒక తప్పు ఇంకొక తప్పును కొంతవరకు సరిదిద్దింది.

ఈనాటి గిటారులో ఆ సవరణ బ్రిడ్జి దగ్గర జరుగుతుంది. ఒక్కొక్క తీగ కింద ఒక చిన్న లోహపు బిళ్ళ, దాన్ని వెనకకూ ముందుకూ జరపటానికి ఒక స్క్రూ ఉంటవి. పరీక్ష సులువైనదే. పన్నెండవ మెట్టుకు సరిగా పైన తీగను వేలితో తాకీ తాకకుండా పట్టి మీటి వెంటనే వేలు తీస్తే గంట వంటి స్వరం వస్తుంది. తరువాత అదే మెట్టు మీద తీగను అదిమి మీటాలి. రెండూ ఒకటే స్వరం కావాలి. ఫోనులో ఉచితంగా దొరికే శ్రుతి యంత్రం చాలు. అదిమిన స్వరం హెచ్చుగా ఉంటే బిళ్ళను వెనకకు జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకు. ఇది పావుగంట పని. దీని కోసం గిటారును తోసిపుచ్చనక్కర లేదు. బిళ్ళ చివరంటా జరిపినా కుదరకపోతే మాత్రం ఆ గిటారు వద్దు. మెట్లే తప్పుగా ఉంటే ఏ మరమ్మతుకూ లొంగదు.

తరువాత ఎత్తు. పన్నెండవ మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఖాళీ లావు తీగకు సుమారు 2 మిల్లీమీటర్లు, సన్నతీగకు ఒకటిన్నర ఉంటే వేళ్ళకు సుఖం. ఎక్కువగా ఉన్నదంటే బ్రిడ్జి ఎత్తువల్లనా, దండి వంపువల్లనా అని తెలుసుకోవాలి. సన్నరకం ఆరు తీగలూ కలిసి దండిని సుమారు 40 కిలోల బరువుతో లాగుతుంటవి. దానికి ఎదురు నిలవటానికి దండిలోపల ఒక ఉక్కు ఊచ ఉంటుంది. మొదటి మెట్టు వద్ద ఒక చేత్తో, చివరి మెట్టు వద్ద ఇంకొక చేత్తో తీగను అదిమి పెడితే తీగ రూళ్ళకర్రలాగా పనిచేస్తుంది. నడుమ, ఏడవ మెట్టు మీద, విజిటింగ్ కార్డు పట్టేటంత సందు ఉండాలి. మరీ ఎక్కువైతే ఊచ స్క్రూను బిగించవచ్చు; అది తిరగకపోయినా, దండి పక్కకు మెలి తిరిగి ఉన్నా ఆ వాద్యాన్ని వదిలివేయండి. ఆ తరువాత ప్రతి తీగ మీదా ప్రతి మెట్టూ మీటి వినాలి. దుకాణదారు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. ఒక మెట్టు పక్కదానికంటె ఎత్తుగా ఉంటే స్వరం జీరపోతుంది. అన్ని మెట్లనూ రాకి సమం చేయటం నిపుణుడి పని. దానికయ్యే ఖర్చు చవక గిటారుకు తగదు.

శ్రుతి నిలవకపోతే అందరూ బిరడలను తిడతారు. తరచు దోషం దండి కొసన తీగలు పోయే గాళ్ళది. తీగ అందులో ఇరుక్కుని, ‘టిక్’ మని ఒక్కసారిగా జారుతుంది. పెన్సిలు ముక్కులోని గ్రాఫైటు కొంచెం రాస్తే చాలాసార్లు నయమవుతుంది. కొత్త తీగలు సాగటం కూడా ఇంకొక కారణం.

ఊపే కడ్డీ గల బ్రిడ్జిని మాత్రం తొలి గిటారులో నేను సిఫారసు చేయను. అది రకరకాల స్ప్రింగుల లాగుడుకూ తీగల లాగుడుకూ మధ్య త్రాసు వలె నిలిచి ఉంటుంది. ఒక తీగ తెగితే త్రాసు ఒరిగి మిగిలిన ఐదూ హెచ్చు శ్రుతికి పోతవి. ఒక తీగ సవరిస్తే మిగిలినవి చెడతవి. ఖరీదైన వాద్యంలో ఇది చక్కగా నడుస్తుంది. చవకదానిలో స్థిరమైన బ్రిడ్జే మేలు.

పికప్‌లను పరీక్షించటానికి తాళంచెవి చాలు. ఆంప్లిఫయరు తక్కువ ధ్వనిలో పెట్టి, ఒక్కొక్క పికప్‌ను ఎన్నుకుని దాని అయస్కాంతం మీద ఉక్కు తాళంచెవితో మెల్లగా తట్టితే ‘టక్’ మని వినిపించాలి. గుండ్రని మీటలు తిప్పినప్పుడు బరబర శబ్దం వస్తే లోపల దుమ్ము చేరి ఉంటుంది; అది చిన్న దోషం. ఒంటి చుట్ట పికప్ ఇంటి కరెంటులోని 50 కంపనల హోరును కూడా అందుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో కలిపి, అయస్కాంతాలను కూడా తలకిందులు చేశాడు. బయటి హోరు రెండింటిలో ఎదురై రద్దవుతుంది; తీగ స్వరం రెట్టింపవుతుంది. రేడియోలు, ఫ్యానులు, ట్యూబులైట్లు ఉన్న ఇంట్లో ఈ జంట చుట్ట పికప్ హాయి.

తీగలను చేత్తో తాకగానే హోరు తగ్గితే మంచిదే: తీగలు ఎర్తుకు కలిసి ఉన్నవన్నమాట. అయితే ఇందులో ఒక ప్రమాదం దాగి ఉన్నది. ఆంప్లిఫయరు లోపం వల్ల కరెంటు దాని లోహానికి తగిలితే, అదే దారిన మన చేతికి వస్తుంది. అందుచేత మూడు కాళ్ళ ప్లగ్గున్న యంత్రాన్ని, ఎర్తు సరిగా ఉన్న సాకెట్టులోనే పెట్టండి. పైకాలు విరిచి రెండు కాళ్ళతో నడిపే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. గిటారు వాయించే ఇంట అది పనికిరాదు.

చేతిలో పదిహేను వేలున్నవనుకుందాం. అంతా గిటారుకే పెట్టవద్దు. మూడింట రెండు వంతులు గిటారుకు, మిగిలినది పది వాట్ల చిన్న ఆంప్లిఫయరుకు, వైరుకు, ఒక జత విడి తీగలకు, సవరణ చేసేవాడి కూలికి ఉంచాలి. ఇంట్లో పాటలు వినే సెట్టుకు గిటారును తగిలిస్తే సరిపోదా అని అడుగుతారు. పికప్ మిక్కిలి బలహీనమైన జనకం. దానికి దాదాపు పది లక్షల ఓముల నిరోధం గల ప్రవేశం కావాలి. పాటల సెట్టులో అది పదుల వేల ఓములే కనుక, తారస్థాయి మెరుపు పోయి స్వరం ముసుగులోంచి వచ్చినట్లుంటుంది. పొడవైన వైరు కూడా ఇదే అపకారం చేస్తుంది గనుక మూడు మీటర్లకు మించనక్కర లేదు.

వాడిన గిటారు దొరికితే ఇదే డబ్బుకు ఒక మెట్టు పైవాద్యం వస్తుంది. చెక్క మీది గీతలు పట్టించుకోకండి. మెట్ల మీద తీగలు కోసిన గుంటలు లోతుగా ఉన్నవేమో, దండి దిమ్మను కలిసేచోట చీలిక ఉన్నదేమో చూడండి. వేసవిలో కొనేటప్పుడు దండి అంచుల వెంట వేలు జరపండి. పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి లోహపు మెట్ల కొసలు బయటికి పొడుచుకు వచ్చి గీరుతవి. సన్న ఆకురాయితో అవి నునుపవుతవి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తీగలు త్వరగా తుప్పు పడతవి. అక్కడ వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగల అడుగుభాగం కూడా తుడిచి పెట్టాలి.