బందరు రేవు నుంచి పీర్ల చావిడి దాకా

తెలుగు నేలతో ఇస్లాం అల్లుకున్న బంధానికి బేరం దారి వేసింది, మాట బలం ఇచ్చింది, పండుగ దాన్ని ఊరందరిదీ చేసింది.

నడుమ ఒక తోరణం. అందులో నిటారుగా సైప్రస్ చెట్టు. అంచుల నిండా తీగలు, పూలు. నమాజుకు పరుచుకునే జానమాజ్ ఇది. ఒకప్పుడు ఇలాంటి గుడ్డలను మచిలీపట్నం, పెడన చుట్టుపక్కల అద్దకంవాళ్లు తయారు చేస్తే, అవి ఓడలెక్కి ఇరాన్ చేరేవి. నమూనా పర్షియాది. నూలు, రంగు, పనితనం తెలుగు నేలవి.

ఇస్లాం మన దగ్గరికి ఎలా వచ్చిందంటే చాలామందికి ముందు గుర్తొచ్చేవి దండయాత్రలే. అవి జరిగాయి. ఊళ్లు, గుళ్లు దెబ్బతిన్నాయి. కాదనడానికి లేదు. కానీ దండు వచ్చి పోతుంది. తరతరాలు పక్కపక్కన బతకాలంటే బేరం కుదరాలి, మాట కలవాలి, పండుగకు పిలుపు రావాలి. తెలుగు నేల మీద ఈ మూడూ జరిగాయి.

రేవు కలిపిన బంధం

కాకతీయ గణపతిదేవుడు 1244లో ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపాను దెబ్బకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు జప్తు చేసుకునేవారు. ఇకపై సుంకం తప్ప మరేమీ తీసుకోమని దేశదేశాల వర్తకులకు ఆయన మాటిచ్చాడు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికి (1518-1687) మోటుపల్లి రేవు వైభవం బందరుకు, అంటే మచిలీపట్నానికి దక్కింది. ఇక్కడి ఓడలు పర్షియాలోని బందర్ అబ్బాస్, ఎర్రసముద్రపు మోఖా, సుమత్రాలోని ఆచే, బర్మాలోని పెగూ దాకా వెళ్లేవి. సరుకుతో పాటు హజ్ యాత్రికులూ ఎక్కేవారు. ఇరాన్ నుంచి వర్తకులు, పండితులు, కొలువు వెతుక్కునేవాళ్లు వచ్చి దిగేవారు. అలా ఇరాన్ నుంచి వచ్చిన మహమ్మద్ సయీద్ బందరులో హవల్దారీ (రేవు అధికారి పని) చేసి, సొంత ఓడలు నడిపి, మీర్ జుమ్లాగా గోల్కొండ కొలువులో పెద్ద పదవికి ఎదిగాడు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడికి వచ్చి స్థిరపడింది అప్పటికే జోరుగా సాగుతున్న ఈ వర్తకాన్ని చూసే. ఓడ ఎవరిదైనా దాన్ని నింపింది కోమటి, బలిజ వర్తకుల పెట్టుబడి, సాలెల మగ్గం, అద్దకంవాళ్ల చెయ్యి.

పటిక తగిలిన చోట ఎరుపు

ఆ చేతిపని పెడనలో నేటికీ బతికే ఉంది. నూలు గుడ్డను బాగా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ ద్రవాన్ని టేకు అచ్చుతో అద్దితే కరక్కాయ పట్టిన గుడ్డ మీద నల్లగా తేలుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అసలు ఎరుపు అప్పుడే కనిపించదు. పారే కాలవలో జాడించి, రంగు వేరుతో కలిపి ఉడకబెట్టినప్పుడు పటిక తగిలినంత మేరా ఎర్రబడుతుంది. పూర్వం ఇందుకు చిరివేరు వాడేవారు. నిజాంపట్నం పరిసరాల్లో దొరికే ఈ వేరు ఎరుపును ఐరోపా వర్తకులూ ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

శ్రీకాళహస్తి కలంకారీ రామాయణ, భారత కథలను కలంతో గీస్తుంది. బందరు అద్దకం పువ్వునూ, తీగనూ, తోరణాన్నీ నమ్ముకుంది. అక్కడ గిరాకీ గుడిది, ఇక్కడ గిరాకీ సముద్రం అవతలి ముస్లిం దేశాలది. రెండు రకాల భక్తినీ మన పనివాళ్లు ఒకే శ్రద్ధతో గుడ్డకెక్కించారు.

దర్బారులో తెలుగు

గద్దెనెక్కక ముందు ఇబ్రహీం కుతుబ్‌షా ఏడేళ్లపాటు విజయనగరంలో తలదాచుకున్నాడు. 1550 నుంచి 1580 దాకా పాలించిన ఆయనను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన అంకితమిచ్చింది పటాన్‌చెరు అధికారి అమీన్‌ఖాన్‌కు. సంస్కృత పదం లేకుండా రాసిన తెలుగును ఆదరించినవాడు ఒక ముస్లిం. కుతుబ్‌షాహీ ఫర్మానాలు చాలావరకు పారసీతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయి. పారసీ ద్వారా తెలుగులోకి వచ్చిన జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అనే మాటలు లేకుండా మన కిరాణా కొట్టు లెక్క ఇవాళ్టికీ తేలదు.

ఆ ఇచ్చిపుచ్చుకోవడం అక్కడితో ఆగలేదు. చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగు చేశారు. పిఠాపురం పీఠాధిపతి ఉమర్ ఆలీషా తెలుగులో పద్యకావ్యాలు రాశారు. షేక్ నాజర్ బుర్రకథకు పితామహుడయ్యారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగం రంగనాథుడి సన్నిధిలో మోగింది.

ఊరందరి మొక్కు

ముస్లిం కుటుంబం ఒక్కటీ లేని పల్లెల్లోనూ మొహర్రంలో పీర్లు లేస్తాయి. చావిడిలో ఊదు పొగ, పీర్లకు కట్టిన రంగురంగుల దట్టీలు, గుండం చుట్టూ అలాయి ఆట, చివర పంచిపెట్టే మలీదా. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామికి కులమతాలకు అతీతంగా జనం మొక్కుతారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర చెరువు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి అదే రకం రొట్టెను మరొకరి చేతిలో పెడతారు. ఉగాదినాడు దేవుని కడపలో ముస్లింలు వెంకటేశ్వరుణ్ణి దర్శించుకుంటారు. బీబీ నాంచారిని పెళ్లాడినందున ఆయన తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం.

ఇంత సంపద ఉండి కూడా పొరుగువాణ్ణి పరాయివాడిగా చూడడం మనకు తగదు. దేవుళ్లు వేరైనా లెక్కల పుస్తకం, పాట, మొక్కు పంచుకున్న జనం మనం. బడి పుస్తకాల్లో తళ్లికోట యుద్ధం పక్కనే మోటుపల్లి శాసనానికీ, అమీన్‌ఖాన్ అందుకున్న కావ్యానికీ చోటివ్వాలి. కలంకారీ కొనేటప్పుడు చేతి అద్దకమా, మర అచ్చా అని అడిగి, చేతి పనికే డబ్బు పెట్టండి. వచ్చే మొహర్రానికి మీ పిల్లలను పీర్ల చావిడికి తీసుకెళ్లి, ఈ పండుగ మన ఊరిదని చెప్పండి.