బడి నిధుల లెక్కలో వాడ ఎక్కడ?

గత వేసవిలో న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కోవడానికి తిరుగుతున్న మా అబ్బాయి వెంట నేనూ వెళ్లాను. ఏ ఇంటికి వెళ్లినా గదుల లెక్క కంటే ముందు చర్చకు వచ్చింది ఆ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్టు పరిధిలో ఉందన్న విషయమే. ఒకచోట రోడ్డుకు ఈవలి ఇళ్లకూ ఆవలి ఇళ్లకూ ధరలో చాలా తేడా కనిపించింది. ఎందుకని అడిగితే ‘అటు పక్క వేరే డిస్ట్రిక్టు నాన్నా’ అన్నాడు. వాడలో పుట్టి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు కొత్తగా తోచలేదు.

అక్కడ డిస్ట్రిక్టు అంటే మన జిల్లా కాదు. ఒక పట్టణానికో, కొన్ని ఊళ్లకో సొంత పాఠశాల బోర్డు, సొంత పన్ను ఉండే ప్రాంతం. ఆ చిన్న రాష్ట్రంలోనే అలాంటివి దాదాపు 600 ఉన్నాయి. బడి ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది. ఇళ్ల విలువ ఎక్కువున్న చోట తక్కువ రేటు పన్నుతోనే బడి నిండుతుంది. పేదల పట్టణంలో ఎంత రేటు వేసినా నిండదు. టెక్సాస్‌లోని మెక్సికన్ అమెరికన్ తల్లిదండ్రులు ఇది అన్యాయమని పోరాడితే, 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో విద్య సమాఖ్య రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చింది. దాంతో పోరాటం రాష్ట్రాల కోర్టులకు మారింది.

న్యూజెర్సీ రాజ్యాంగంలో ‘సమగ్రమైన, సమర్థమైన’ ప్రభుత్వ విద్యను హామీ ఇచ్చే వాక్యం 1875 నుంచీ ఉంది. కామ్డెన్, జెర్సీ సిటీ వంటి నగరాల పిల్లల తరఫున 1981లో అబాట్ వర్సెస్ బర్క్ కేసు వేశారు. పేద నగరాల బడులకు సంపన్న శివార్లతో సమానంగా నిధులు ఇవ్వాలని 1990లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘చాలినంత’ అంటే ఎంత అన్న ప్రశ్నను ఇక ప్రభుత్వం తప్పించుకోలేకపోయింది.

దానికి జవాబుగా వచ్చినదే 2008 చట్టంలోని సూత్రం. విద్యారంగ నిపుణుల బృందాలు ఒక నమూనా బడిని ఊహించి, ఎందరు టీచర్లు, కౌన్సెలర్లు, నర్సులు కావాలో లెక్కగట్టి, ఒక్కో బిడ్డకు మూల వ్యయాన్ని నిర్ణయించడం దీనికి పునాది. ఆ మూల వ్యయం 100 అనుకుంటే, ఇంగ్లీషు నేర్చుకుంటున్న బిడ్డకు అదనంగా 50. పేద బిడ్డకు అదనంగా 47. డిస్ట్రిక్టులో పేద పిల్లలు 60 శాతం దాటితే ఆ 47 కాస్తా 57 అవుతుంది. ఇలా వచ్చిన మొత్తమే చాలినంత బడ్జెట్. స్థానికులు ఎంత భరించగలరో సగం ఆస్తి విలువను బట్టి, సగం ఆదాయాన్ని బట్టి నిర్ణయించి, మిగిలిన లోటును రాష్ట్రం పూడ్చాలి.

ఆ 47కూ 57కూ నడుమనున్న పది దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చెదురుమదురుగా ఉన్న పేదరికం కంటే ఒకచోట కుప్పపోసిన పేదరికం బరువైనదని చట్టమే ఒప్పుకున్న అంకె అది. వెలివాడ అనుభవం ఉన్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర లేదు.

అయితే సూత్రం ఆ బరువుకు ఖరీదు కట్టిందే కానీ, దాన్ని అక్కడ కుప్పపోసిందెవరని అడగలేదు. అది కుటుంబ ఆదాయాన్నే చూస్తుంది, ఒంటి రంగును చూడదు. నల్లవారి పేటలను మ్యాపుల మీద ఎర్రరంగుతో గుర్తించి గృహరుణాలకు దూరం చేసిన 1930ల చరిత్ర ఆ లెక్కలోకి రాదు. ఆ ఎల్లలను దాటి పిల్లల్ని కలపాలన్న ప్రయత్నాన్ని 1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ 5–4తోనే అడ్డుకుంది. ఆర్థిక ప్రాతిపదిక చాలు, కులమెందుకని మన దగ్గర వాదించేవారు ఈ లెక్కను ఒకసారి చూడాలి. పైగా లెక్క చట్టంలో ఉన్నంత మాత్రాన డబ్బు రాలేదు. రాష్ట్రం కోత పెడితే, అబాట్ డిస్ట్రిక్టులకు 50 కోట్ల డాలర్లు ఇవ్వమని 2011లో కోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

మన దగ్గర 2013 ఉపప్రణాళిక చట్టం దళిత, ఆదివాసీలకు జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలంది. ఉద్యమాలు సాధించిన చట్టమది. దాన్ని తక్కువ చేయను. కానీ జనాభా నిష్పత్తి వాటాను చెబుతుంది, అవసరాన్ని చెప్పదు. 2024లో తెలంగాణ హాస్టళ్ల మెస్ చార్జీలను 40 శాతం పెంచినప్పుడు సంతోషించాను. అయినా ఒక హాస్టల్ బిడ్డ తిండికి, చదువుకు, వైద్యానికి నిజంగా ఎంత కావాలో ముందుగా లెక్కగట్టి, ఆ లెక్కకు ప్రభుత్వాన్ని కట్టిపడేసే చట్టం కావాలి. అది ఉంటే లోటు ఎంతో అంకెతో చూపి కోర్టులో అడగవచ్చు. న్యూజెర్సీ తల్లిదండ్రులకు దక్కిన బలం అదే.

మా అబ్బాయి చివరకు రోడ్డుకు ఈవలి ఇల్లే తీసుకున్నాడు. వద్దని ఎలా అనను? మనవడికి మంచి బడి దొరుకుతుంది. కానీ తరాల పాటు ఎల్లకు అవతల నిలబడ్డ కుటుంబం మాది. రోడ్డుకు ఆవల ఉన్న బడిలో కూడా ఎవరో ఒకరి మనవడు చదువుతున్నాడన్న సంగతి మరచిపోయే హక్కు మాకు లేదు.