మళ్ళీ వేడి చేసినా విషం పోదు

నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేవాళ్ళ కోసం రాత్రి వండిన అన్నం మూతపెట్టి ఉంచడం మన ఇళ్ళల్లో మామూలే. పొద్దున వేడి చేస్తే ఏమీ కాదులే అనుకుంటాం. అక్కడే పొరపాటు.

బియ్యంలో తరచూ బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాల్లా గట్టి పెంకు కట్టుకుని ఉంటుంది. అన్నం ఉడికినా ఆ విత్తనాలు చావవు. గంటల తరబడి గోరువెచ్చగా ఉన్న అన్నంలో మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిని గంటన్నర తట్టుకుంటుంది. ఇక మన పొయ్యి దాన్నేం చేస్తుంది? వాసన, రుచి మారకపోవచ్చు. తిన్న అరగంట నుంచి 6 గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది.

చేతి పుండులో ఉండే స్టాఫిలోకాకస్ వదిలే విషమూ అంతే, వేడికి లొంగదు. మగ్గం దగ్గర వేలు తెగితే, కట్టు లేకుండా వంట ముట్టుకోవద్దు.

మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరబెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేదా? ఆ పూటకు సరిపడానే వండండి. వాంతులైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పసిపిల్లలు నీరసించి కళ్ళు లోపలికి పోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.